ఒకే రంగు లుంగీలు

శుక్రవారం, వాన

మా చిట్టి పది పాసైంది! స్వామీ, నీకు వెయ్యి దండాలు. సంతోషంతో ఊరంతా తిరిగి కాళ్లు పీకేస్తున్నాయి.

గొడవల ఏడు మూసిన కాలేజీలు మళ్లీ తెరిచారు. కాలేజీ హాస్టల్లో ఉండే అక్కల జట్టు కోసమే చిట్టి వాళ్ల కాలేజీ కావాలంటోంది. ఈ దేశంలో ఆడపిల్లలూ లుంగీలే కడతారు కదా, జట్టుకంతా ఒకే రంగువట. బేరానికి వాళ్లు చిమిండైంగ్ బజారులో మా బట్టల కొట్టుకే వచ్చారు. ఆ ఏడు రోడ్డు మీద ఒకే రంగు బట్టలు చూసే కదా సైనికులు కాలేజీ పిల్లల్ని పట్టుకుపోయారు.

"తలో రంగు తీసుకోండమ్మా," అన్నాను.

"ఏటి నాన్నా, పరువు తీసేస్తన్నావు!" అంది చిట్టి.

జట్టులో పెద్దపిల్ల నా మొహం చూసి, "సరే బాబాయ్, లోపలి అంచు ఒకే దారంతో కుట్టుకుంటాంలే," అంది.

చిట్టి కాలేజీ అప్లికేషన్ మీద సంతకం పెట్టాను. ఎర్రదారం ఉండ నేనే ఇచ్చాను. లోపలి కుట్టు రోడ్డు మీద ఎవరికీ కనిపించదు కదా...