ఎర్రగీత పడని తప్పు

మే 6
ఆళ్లగడ్డ శిల్పుల కోసం నేను చేసిన ఆర్డర్ల సైట్‌కు పునాదిగా ఏరికోరి తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్క్... దాన్ని ఊరికే రాసిచ్చిన మహానుభావుడు చేతులెత్తేశాడు. అడిగితే పలికే నాథుడు లేడు. వదిలిన చివరి వెర్షన్ ఎక్కించా. ఆఫీసులో పక్క కుర్చీ సలీం, మళ్లీ అదే పాట — "ఊరికే వస్తాందని కాదన్నా, తప్పు రాస్తే ఎర్రగీత గీసి చెప్పే టూల్ దానికుందా? అది చూడల్ల." నా తప్పులు నేను పట్టుకోలేనా అని కసిరా.

మే 7
సైట్ నడుస్తోంది. సలీంను పిలిచి మరీ చూపించా.

జూన్ 21
ఆళ్లగడ్డ నుంచి శిల్పి ఓబులేసు పెద్దాయన ఫోన్. పగిడ్యాల వాళ్ల గుడికి చెక్కిన నరసింహస్వామి పొట్టి అయ్యాడట. వాళ్లడిగింది మూడడుగుల తొమ్మిదంగుళాలు. చెక్కింది మూడడుగులు. "నీ కాయితం నీళ్లల్ల నానిపాయె. అంగుళాలు నేనే చూసుకోలేదేమోప్పా... కండ్లు పోతాండాయి."
కోడ్ తెరిచా. కొత్త వెర్షన్‌లో అంగుళాల గడి పేరు మారింది. నా కోడ్ పాత పేరుతోనే అడుగుతోంది, దొరక్కపోతే ఖాళీ వదిలేస్తోంది. ఎర్రగీత లేదు. సైట్ నుంచి ఆయనకు పోయిన ఆర్డర్ కాగితం మీద మూడడుగులే అచ్చయింది.
ఆయన కళ్లు కాదు. నేను.

జూన్ 22
మునుపు ఇలా లేదు. విగ్రహం చేయమని చెప్పేవాళ్లు ఎత్తుకు నూలు పట్టి, ముడేసి తెచ్చేవాళ్లు. పనయ్యేదాకా ఆ నూలు పెద్దాయన కొట్టంలో దూలానికి వేలాడేది. సైట్ ఉండగా నూలెందుకు అని నలుగురిలో నవ్వింది నేనే. సిగ్గుగా ఉంది.

జూన్ 24
చెప్పేద్దామని ఆళ్లగడ్డ పోయా. కొట్టంలో స్వామి, ఇంకా కళ్లు చెక్కలేదు — అవి ఆఖరున చెక్కుతారు. పగిడ్యాల వాళ్లు వద్దని పోయారు. "దేవుని పని. చూపు లేనోడు చేయగూడదు. ఇంక ఉలి పట్టను" అన్నాడు పెద్దాయన.  టీ తాగి వచ్చేశా.

జూన్ 25
సలీంకు చెప్పా. "నాకెందుకన్నా, ఆయనకు చెప్పు."

జూన్ 27
నంద్యాల, కంటి ఆసుపత్రి. పెద్దాయన తోడుకు నన్నే పిలిచాడు. డాక్టరమ్మ గోడమీది అక్షరాలు చదివించింది, చేతికి పుస్తకమిచ్చి చదివించింది. ఒక్కటీ తప్పలేదు. "ఉన్న అద్దాలే చాలు, కళ్లు బాగున్నాయి."
బయట బెంచీ. అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. నా మొహంలోకి చూశాడు.
"మరి తప్పు యాడ జరిగింటాది నాయనా?"
బస్సుకు టైమైంది, లేద్దాం అన్నా.