పెనుకొండకు పట్టుచీర

హిందూపురం

సుదర్శనా,

ఆశీస్సులు ఎప్పుడూ ఉండేవే, ముందు ఇది చదువు. ఫోన్ చేస్తే సగంలోనే "సరేలేమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం అందరం పెనుకొండ పోయి, గగన్ మహల్ చూసి, నీడలో కూర్చొని తిని వద్దామన్నావు. సంతోషమే. రాజులు వేసవి గడిపిన చోటు మనకెందుకు చేదు? అయితే రాళ్ల మీద చిత్రాన్నం తినడానికి నీ కూతురు మైథిలికి ధర్మవరం నుంచి కొత్త పట్టుచీర ఎందుకు పంపావు? ఈ ఎండల్లో, కోతులకు చూపించడానికా?

నిన్న ఫోన్లో నీ భార్యనే అడిగాను. "ఊరికేలే అత్తా, గోరంట్లోళ్లు కూడా ఆ పక్కకే వస్తాండారు. కనపడితే కనపడతారు," అంది. ఎవరెవరని గుచ్చి అడిగితే చెప్పింది. అనుకోకుండా కనపడేది పిల్లవాడు, తల్లి, తండ్రి, ఇద్దరు మేనమామలూనా? పెళ్లిచూపులని అందరికీ తెలుసు, పెళ్లికూతురికి తప్ప.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. నా దగ్గరుండి ఉద్యోగానికి పోయివచ్చే పిల్ల ముఖం చూస్తూ దాచలేకపోయాను. పొద్దున చెప్పేశాను. మైథిలి ఆ చీర మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "వాళ్లు నన్ను చూస్తే నేనూ చూస్తా అవ్వా. ఆయప్పను ఒక్కన్నే నాతో కోట పైకి రమ్మను. మేనమామలు కిందుండనీ. నచ్చకుంటే ఆడనే చెప్తా," అంది.

ఈ మాట ఉన్నదున్నట్టు గోరంట్లకు చెప్పు. ఒప్పుకుంటే వాళ్లకూ పెరుగన్నం కలుపుతాను. ఒప్పుకోకపోతే ఆదివారం మనం నిజంగానే మహల్ చూసి వద్దాం.

అమ్మ