పరీక్ష లోపు గేటు మీది ఫ్లెక్సీ తీయించుట గురించి

జగిత్యాల జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి గారి సముఖమునకు,
పెగడపల్లి రైతు జలపతి వ్రాసుకొను అర్జీ.

విషయం: కోరుట్లలో శశిధర్ రావు గారి జూనియర్ కాలేజీ గేటు మీద నా బిడ్డ రచన ఫొటోతో ఉన్న ఫ్లెక్సీని సప్లిమెంటరీ పరీక్ష లోపు తీయించుట, మరియు సదరు రావు గారికి తగిన శాస్తి చేయుట గురించి.

అయ్యా,

1. సదరు కాలేజీ యందు 'అడ్వాన్స్ బ్యాచ్' అని ఒకటి కలదు. ఇంటర్‌తో పాటు డిగ్రీ మొదటి సంవత్సరపు పాఠములు చదివినచో క్రెడిట్లు జమ అగుననియు, డిగ్రీలో ఒక ఏడు కలిసొచ్చుననియు రావు గారు సెలవిచ్చిరి. నేను దుబాయిల తాపీ పని చేసి వచ్చినోణ్ని. ఒక ఏడు కలిసొచ్చుడంటే ఏందో నాకెరుక. అందుకే నమ్మిన, బిడ్డను అక్కడి హాస్టల్ల ఏసిన.

2. క్రెడిట్లు ఇంకా రాకముందే గేటు మీద ఫ్లెక్సీ కట్టిరి. 'ఇంటర్‌లోనే డిగ్రీ క్రెడిట్లు సాధించిన మా ఆణిముత్యం' అని ఒక దిక్కు నా బిడ్డ, ఇంకో దిక్కు ఆమెకన్న పెద్దగ దండం పెట్టుకుంట రావు గారు. మా అమ్మ గౌరవ్వ కోరుట్ల దాక పోయి ఆ ఫ్లెక్సీకి దిష్టి తీసి వచ్చింది.

3. డిగ్రీ పుస్తకాల పడి బిడ్డ ఇంటర్ ఫిజిక్స్ తప్పినది. క్రెడిట్లన్న పనికొస్తయేమోనని జగిత్యాలల ఒక డిగ్రీ కాలేజీల అడిగితే, యూనివర్సిటీ ఒప్పుకోని క్రెడిట్లు ఎక్కడా చెల్లవని చెప్పిరి. రావు గారి సొంత బిడ్డ సహస్రది కూడ అదే కాలేజీ. ఆమెను మాత్రం మామూలు సెక్షన్ల కూసోబెట్టిండు. ఆ పిల్ల మంచిగ పాసయింది. అంటే ఆయనకు ముందే ఎరుకన్నట్టే గద సార్.

4. నేను పోయి అడుగగా, "నీ బిడ్డకు గ్రహింపు తక్కువ జలపతీ. ఫొటో పెద్దగ ఏసినం గద, ఇంకేం గావాలె?" అని చాయ తాగుకుంట సెలవిచ్చిరి. నాకు చాయ చెప్పలే.

5. బిడ్డకు సప్లిమెంటరీ సెంటర్ అదే కాలేజీల పడినది. "నా ఫొటో కింది నుంచి పోయి తప్పిన పరీక్ష రాయాల్నా నాయినా? నేను పోను" అని తలుపేసుకున్నది. పరీక్ష ఎల్లుండి. పోకుంటే ఈ ఏడు కూడ పాయె.

కావున తమరు తక్షణం ఫ్లెక్సీ తీయించవలెను. మరియు శశిధర్ రావు గారిని నా బిడ్డ పక్క బల్ల మీద కూసోబెట్టి, అదే ఫిజిక్స్ పేపరు రాయించి, వచ్చిన మార్కులు అంతే పెద్ద ఫ్లెక్సీ మీద కొట్టించి కోరుట్ల బస్టాండుల కట్టించవలెను. రూల్స్ ఒప్పుకోవని తమరంటరు. నా బిడ్డకు ఉత్త క్రెడిట్లు అంటగట్టేటప్పుడు ఈ రూల్స్ ఎటు పోయినయి? నాకు న్యాయం ఒక్కటే సాలదు సార్, పగ తీరాలె.

నా కడుపుమంటను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జలపతి

తా.క.: ఈ అర్జీ పట్టుకొని నిన్న తమ ఆఫీసుకు వస్తే, సార్ మీటింగ్‌ల ఉన్నరు, రేపు రమ్మని గుమాస్తా సంపత్ సార్ పంపించిండు. అటు నుంచి అటే కోరుట్ల పోయిన. పట్టపగలు, వాచ్‌మన్ చూస్తుండంగనే తాళ్లిప్పి ఫ్లెక్సీ చుట్టుకొని వచ్చిన. సాయంత్రం మొగులు పట్టింది. కొనుగోలు కేంద్రంల నా వడ్ల కుప్ప మీద కప్పిన. బిడ్డ మొఖం లోపలికి మలిచిన, రావు గారిని మీదికి పెట్టిన. వాన మొత్తం ఆయన మీదనే పడ్డది. ఫ్లెక్సీ పోయిందని ఆయన పోలీసు ఠాణాల దరఖాస్తు ఇచ్చిండట. దొంగను నేనే, తమరు కూడ రాసుకోవచ్చు. వడ్లు కాంటా అయినంక వాపసిస్త. ఆయన మొఖం మీద కోళ్లు చేసింది మాత్రం నేను కడుగ.

పొద్దుగాల బిడ్డ కేంద్రం కాడికి వచ్చి చూసింది. ఇంటికి పోయి ఫిజిక్స్ పుస్తకం తీసింది.