ఆసుసెన చెవిలో చెప్పిన మాట

చిరంజీవి తమ్ముడు నికనోర్‌కు, అక్క ఎదువిజెస్ దీవించి వ్రాయునది. ఇక్కడ అమ్మ క్షేమం, నేను క్షేమం, మన ముసలి కుక్క కూడా ఇంకా మొరుగుతూనే ఉంది. అక్కడ సముద్రం పక్కన, ఆ ద్రాక్షతోటల ఎండలో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. మన అల్పాకాల మంద సంగతి ఒక్క మాటలో తేలేది కాదు. కాస్త ఓపిక పట్టి చదువు.

నీ ఉత్తరం సంతకు పోయే లారీ డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. సగం తడిసిపోయింది గానీ నీ కోడిగీతలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అమ్మ మోకాలి గురించి అడిగావు. వాన పడితే నొప్పి అంటుంది, పడకపోతే గడ్డి ఎండిపోతుందని గొణుగుతుంది. నువ్వు పంపిన తైలం రోజూ రాస్తున్నాను. దానికంటే నక్క కొవ్వే నయమట. ఇంటి కొత్త కప్పు కారడం లేదు, నువ్వు వేసిన మూల తప్ప.

ఇక కల్నల్. అక్కనైన నా కంటే ముందు ఆ మగ అల్పాకా క్షేమం అడిగావు, గమనించాను. మహారాజులా ఉన్నాడు. పొడుగు మెడ మీద అదే తల ఎత్తిన నడక, ఎడమ కంటి మీద పడే అదే తెల్లటి జూలు. సంత పోటీలో వాడు గెలిచిన రిబ్బన్ను అమ్మ సిలువ పక్కనే వేలాడదీసింది. ఆడవి చాలావరకు దగ్గరికి రానివ్వకుండా వాడి మొహాన ఉమ్మేస్తున్నాయి, అంటే కడుపులు నిలిచినట్టే. మన పెద్దలు చూసుకున్న గుర్తు అదే కదా. వాడు మాత్రం ప్రతిసారీ కొత్తగా చిన్నబుచ్చుకుంటాడు.

ఈ వానల్లో పుట్టిన పిల్లలన్నీ తెల్లవేనా అని అడిగావు. అన్నీ తెల్లవే. ఒక్కదాని మీదా మచ్చ లేదు. ఉన్ని కొనేవాడు చూస్తే మురిసిపోతాడు. రంగు బొచ్చు తీసుకుపోతే తూకానికి కూడా ఎత్తని మనిషి కదా ఆయన. అమ్మ మాత్రం మురవలేదు. కదురు తిప్పుతూ పాత రంగుల పేర్లు వల్లించుకుంటోంది. వేయించిన మొక్కజొన్న రంగుకు ఒక పేరు, తడిసిన రాయి రంగుకు ఒకటి, పొగ పట్టిన దూలం రంగుకు ఇంకొకటి. "పేర్లు నా నోట్లోనే ఉన్నాయి, పశువులేవే?" అని నన్ను అడుగుతుంది, వాటిని నేనొక్కదాన్నే తిన్నట్టు.

తమ్ముడూ, ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టంగా ఉంది. పుట్టినవాటిలో ఒకదాని దవడ పక్కకు తిరిగి ఉంది. తల్లి పొదుగు పట్టలేకపోయింది. గుడ్డ ముక్క పాలలో ముంచి నోట్లో పిండాను. నా ఒళ్ళోనే పోయింది. నీలి కళ్ళవి మాత్రం ఎన్ని పుట్టాయో. ఇదివరకు ఎప్పుడో ఒకటి పుడితే ఊరంతా వచ్చి చూసి వెళ్ళేది. ఇప్పుడు ఎటు చూసినా అవే కళ్ళు.

ఒక మధ్యాహ్నం మంచు దిగుతుండగా నక్క వచ్చింది. తల్లులు గొంతు చించుకుని కూత పెట్టాయి. పిల్లలన్నీ పరుగున మందలో కలిశాయి, నీలి కళ్ళవి రెండు తప్ప. అవి తలలు వంచుకుని గడ్డి కొరుక్కుంటున్నాయి. నేను అరిచాను, వడిసెలతో రాయి విసిరాను. నా కళ్ళ ముందే ఒకదాన్ని మెడ పట్టి లాక్కుపోయింది. రెండోది నక్కకు వీపు పెట్టి మేస్తూనే ఉంది. తర్వాత వెనక నుంచి వెళ్ళి రేకు డబ్బా మోగించి చూశాను. దాని చెవి కూడా కదలలేదు.

అమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. "అన్నీ ఒక్కడి పిల్లలే కదే. ఏటేటా తండ్రికే కూతుర్ని కట్టబెడుతున్నాం. ఇంకెలాంటివి పుడతాయి?" అంది. మన పెళ్ళిళ్ళకైతే తాతముత్తాతల పేర్లు తవ్వి తీసి వరస కలవదని సంబంధాలు తిప్పి పంపుతాం. మందలో మాత్రం తెలుపొక్కటే చూశాం. నిన్నొక్కడినే అనడం లేదు. ఆ రిబ్బను చూసుకుని నేనూ మురిశాను.

వేరే మగదాన్ని అడిగి తెద్దామని కనుమ దాటి, మనలాగే మంద పెంచే ఫోర్తునాత ఇంటికి వెళ్ళాను. పిల్లనడగడానికి వెళ్ళినట్టు కోకా ఆకు, రొట్టెలు కట్టుకుని మరీ వెళ్ళాను. ఒకప్పుడు ఆవిడ దొడ్డి నిండా గోధుమరంగువీ నల్లవీ ఉండేవి, నీకూ గుర్తుండాలి. ఆవిడ గర్వంగా తన మగదాన్ని తోలుకొచ్చింది. తెల్లగా ఉంది. ఎడమ కంటి మీద అదే జూలు.

"మీ తమ్ముడు ఇచ్చిన పిల్లే కదమ్మా," అంది ఫోర్తునాత. "ఈ లోయలో ఎవరి దొడ్డికి పోయినా దీని అన్నదమ్ములే కనబడతాయి. రంగువన్నీ ఎప్పుడో ఎండుమాంసం చేసుకున్నాం."

రొట్టెలు ఆవిడకే ఇచ్చి వచ్చేశాను. దారిలో కూర్చుని ఏడ్చాను కూడా. ఏ కొండదేవరను అడగాలో, ఏమని అడగాలో తెలియలేదు.

కార్నివాల్ పండగకు, మంద పెరగాలని ఏటా జరిపే మంద పెళ్ళి ఈసారి ఎవరెవరికి చేశావని నీ ఆఖరి ప్రశ్న. నువ్వు చెప్పి వెళ్ళినట్టే కల్నల్‌కూ ఆసుసెనకూ చేశాను. వాడి కూతుళ్ళలో అందరికంటే తెల్లనిది, నీలి కళ్ళది, నీ ముద్దులది. ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడదని, అందగత్తె గదా పొగరు తలకెక్కిందని మనం ఎంత నవ్వుకున్నాం. అది పొగరు కాదు తమ్ముడూ. డబ్బా దాని వెనక కూడా మోగించి చూశాను.

దాన్ని తప్పించాలనే చూశాను. ఏ ఆడదాన్ని పట్టుకున్నా కంటి మీద ఆ జూలే. పెళ్ళి మానేస్తే మంద గొడ్డుపోతుందని అమ్మ భయపడింది. మొక్కజొన్న కల్లు, చిచా, కాచి ఉంది, చుట్టాలు డోళ్ళతో దిగిపోయారు. ఆ రెంటినీ పక్కపక్కన పడుకోబెట్టి పూలు చల్లాను. ఆసుసెన వినపడని చెవులకు ఎర్ర ఊలు కుచ్చులు కట్టాను. డోలు మోగగానే మంద అంతా ఉలిక్కిపడింది, అది మాత్రం నా మొహం చూస్తూ కూర్చుంది.

ఇక చెప్పక తప్పదు. పెళ్ళికూతురి చెవిలో "నిండుగా కను, కొండంత మందను కను" అని దీవించాల్సింది నేనే కదా. అందరూ చూస్తుండగా వంగాను. పెదవులు కదిలాయి కాబట్టి దీవించాననే అనుకున్నారు. కానీ నేను అన్నది, "కనొద్దు తల్లీ, నువ్వు కనొద్దు" అని. మందను పెంచే చేతులతో మందను శపించిన ఆడదాన్ని మన వంశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అమ్మకు చెప్పలేదు, నీకే చెబుతున్నాను. కోపమొస్తే తిట్టు, కానీ ఏం చేయాలో కూడా రాయి. కల్నల్‌ను దొడ్డి నుంచి తీసేయమంటే తీసేస్తాను. తీసేసి ఎవరిని తేవాలో మాత్రం నాకు తెలియదు. ఆ సముద్రం పక్కన నువ్వు మాత్రం ఎక్కడ వెతుకుతావు.

నేనన్న మాట అది ఎలాగూ వినలేదు. నిన్న పొద్దున కల్నల్ తన దగ్గరికి వెళ్తే, ఆసుసెన వాడి మొహాన ఉమ్మింది.

ఇట్లు,
నీ జవాబు కోసం లారీ దారి చూస్తూ,
నీ అక్క
ఎదువిజెస్