ఆరు రేకుల అచ్చు

సియెనా,
12 నవంబరు 1999.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు ఎర్సీలియా ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మోకాలు ఒక్కటే వాన వచ్చే ముందు రోజు నుంచీ సతాయిస్తోంది. అక్కడ నువ్వూ, మఠంలో మిగిలిన ఐదుగురు సిస్టర్లూ ఈ చలికి మంచాన పడకుండా తిరుగుతున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు పంపిన చెస్ట్‌నట్ పిండితో రొట్టె చేశాను. అడుగు మాడింది, పైన పచ్చిగానే ఉంది. నీ చెయ్యి నాకు రాదని అమ్మ ఊరికే అనలేదు. ఇలారియా సిస్టర్ కాళ్లకు రాసుకునే తైలం మందుల షాపతను వచ్చే వారం తెప్పిస్తానన్నాడు. ఆమె గదిలో ఇప్పుడు వాన నీటికి మూడు బకెట్లు పెడుతున్నామని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మఠం పటం ఈ చలికాలం వేలంలో అమ్ముడుపోతుందా, అది అసలైనదేనని నా సంతకం ఎప్పుడు పెడతాను అని అడిగావు. చివర్లో, నాన్న ఆ మరియమ్మ పటం గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అని కూడా అడిగావు. దానికి జవాబు రాయాలనే ఇందాకటి నుంచీ కూర్చున్నాను. చెయ్యి మాత్రం తిరిగి తిరిగి రొట్టె దగ్గరికీ తైలం దగ్గరికీ పోతోంది.

వసంతంలోగా పైకప్పు బాగుచేయకపోతే మఠం మూసేసి, మిమ్మల్ని తలా ఒక చోటికి పంపిస్తామని బిషప్‌గారి ఆఫీసు తేల్చి చెప్పింది. పందొమ్మిదో ఏట లోపలికి వచ్చిన ఇలారియా సిస్టర్ తొంభయ్యో ఏట మళ్లీ గడప దాటాలి. కిందటి నెల, మీరు బయటివాళ్లతో మాట్లాడే జాలీ కిటికీ అవతల కూర్చుని నువ్వన్న మాట నా చెవిలోనే ఉంది. "నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతేనే. చెంచా నోటిదాకా వచ్చాక వేడిగా ఉందా అని అడుగుతావు. ఒక్క సంతకం, ఎర్సీ. మా నెత్తి మీద కప్పు నిలుస్తుంది" అన్నావు. నవ్వి తప్పించుకున్నాను. నువ్వు నవ్వలేదు.

ఆ పటానికి అంత విలువ తెచ్చింది నేనే కదా. అంతకుముందు అది ఎవరో పల్లెటూరి చిత్రకారుడు వేసినదనే అందరూ అనుకునేవారు. నాకు ఇరవై ఏడేళ్లప్పుడు, అది ఐదు వందల ఏళ్ల కిందటి మెయో దెల్ గ్రాస్సో చేతి పని అని వ్యాసం రాశాను. మరియమ్మ తల చుట్టూ బంగారు వలయంలో నలభై ఒక్క పువ్వులున్నాయి. బంగారు పూత మీద చిన్న ఇనుప అచ్చు పెట్టి కొట్టిన పువ్వులు. ఆరు రేకులు, అందులో ఒక రేకు కొసన చీలిక. అదే చీలిక ఉన్న పువ్వు మన ఊళ్లో మెయో వేసిన పెద్ద పటంలోనూ ఉంది. ఎవరి పనిశాల అచ్చులు వాళ్లవే, ఎవరి అచ్చు అరుగుదల దానిదే. కాబట్టి ఇదీ మెయోదే అన్నాను, అందరూ ఒప్పుకున్నారు. నా ఉద్యోగం, నా పేరు, అంతా ఆ చీలిక పెట్టిన భిక్షే.

ఆ వ్యాసం నాన్న వంటింట్లో సూప్ తాగుతూ చదివాడు. కళ్లజోడు తీసి, "బాగా రాశావమ్మా. పువ్వు గురించి మరీ బాగా రాశావు" అన్నాడు. లేచి, వేసి ఉన్న కిటికీనే మళ్లీ వేసి వచ్చాడు.

ఇప్పుడు వినక్కా. నాన్న పోయాక, ఆయన పాత పటాలు బాగుచేసే పనిముట్ల పెట్టె నేను తెచ్చుకున్నాను. అందులో గుడ్డలో చుట్టిన ఒక అచ్చు దొరికింది. మైనం మీద నొక్కి చూశాను. ఆరు రేకులు, ఒక రేకు కొసన చీలిక. ఈ కాలపు స్క్రూడ్రైవర్‌ను అరగదీసి చేసిన అచ్చు అది, తిరగేస్తే పిడి మీద ఫ్యాక్టరీ పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది.

నువ్వు మఠంలో చేరకముందు, తేమకు బంగారమంతా ఊడిపోయిందని అప్పటి మదర్ పటాన్ని నాన్నకు ఇచ్చారు. పాతదానిలాగే చెయ్యమన్నారు, చేశాడు. మెయో పటం కూడా ఆయనే బాగుచేశాడు కాబట్టి అక్కడి పువ్వును చూసి చీలికతో సహా ఈ అచ్చు చెక్కుకున్నాడు. నేను మెయోవన్న నలభై ఒక్క పువ్వులూ నాన్నవే. మోసం కాదక్కా. ఆ రోజుల్లో పనిమంతుడంటే అతుకు కనిపించకుండా చేసేవాడే. కూతురు వచ్చి ఆ అతుకు మీదే ఇల్లు కడుతుందని ఆయన మాత్రం ఎలా అనుకుంటాడు? కట్టాక కూల్చడానికి ఆయనకు నోరు రాలేదు.

ఆ అచ్చు దొరికి పన్నెండేళ్లయింది. పన్నెండేళ్లూ నోరు మూసుకున్నాను. నువ్వు పటం అమ్ముతామన్న రోజు కూడా, "మంచిదే" అన్నాను. అందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నిన్న వేలం కంపెనీ నుంచి వల్సెక్కీ వచ్చాడు. పటం మెయోదేనని నేను సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద పరిచి, "వంటంతా అయింది ప్రొఫెసర్‌గారూ, వడ్డనే మిగిలింది. రేపు వేలం పుస్తకం ప్రెస్సుకు వెళ్తోంది" అన్నాడు. నేను నాన్న అచ్చు తీసి ఆ కాగితం పక్కన పెట్టాను. భూతద్దంతో చూశాడు, తిరగేసి పిడి చూశాడు. 

"ఇది ఇంకెవరైనా చూశారా?"

"లేదు."

"అయితే నేనూ చూడలేదు. మీ మాట మీద మీరే సంతకం పెట్టకపోతే ఇంకెవరు పెడతారు? మీ అక్కగారు ఎక్కడ ఉంటారో ఆలోచించుకోండి."

ఆలోచించాను. బకెట్లు గుర్తొచ్చాయి. పెట్టానక్కా. సంతకం పెట్టాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. ఆ చేతిని ఎంతసేపు కడుక్కున్నానో నాకే తెలియదు.

ఈ పొద్దున ఎనిమిది గంటలకే అతనికి ఫోన్ చేసి పుస్తకం ఆపమన్నాను. "పిచ్చా మీకు?" అని ఫోన్ పెట్టేశాడు. వెంటనే అతని పైవాళ్లకూ, నా వ్యాసం వేసిన పత్రికకూ ఉన్నదున్నట్టు రాసి, అచ్చు ఫోటో జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో వేసి వచ్చాను. ఆ రసీదు చేతికి వచ్చాకే నీకు రాయడం మొదలుపెట్టాను. నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు తిడతావని కాదు, "పోనీలే, ఊరుకో" అంటావేమోనని భయపడ్డాను. నువ్వు ఆ ఒక్క మాట అంటే నేను పోస్టాఫీసు మెట్లు ఎక్కేదాన్ని కాదు.

ఇక పటానికి వచ్చేది పైకప్పులో ఒక వైపుకు కూడా చాలదు. మిమ్మల్ని చెల్లాచెదురు చేసింది నేనే. పన్నెండేళ్ల కిందటే చెప్పి ఉంటే మీరు వేరే దారి వెతుక్కునేవాళ్లు.

ఈ సంగతి ఇలారియా సిస్టర్‌కు నువ్వు చెప్పకు. ఆదివారం మధ్యాహ్నం నేనే వచ్చి చెబుతాను. ఎవరినైనా తోడిచ్చి ఆమెను జాలీ దగ్గరికి పంపించు. నువ్వు రానక్కర్లేదు. నా మొహం చూడాలనిపించకపోతే తప్పు నీది కాదు.

ఇట్లు,
నీ తోడబుట్టిన చెల్లి,
ఎర్సీలియా