తువ్వాలు పట్టిందెవరు?

అన్నయ్యా, నాన్న అబద్ధం చెబుతున్నాడు. "మీ అన్న ఆకుల ఫొటోలకి ఒక్కడే తిరిగేవాడు, నాకేం తెలుసు?" అని నిన్న నా మీద ఇంతెత్తున లేచాడు. ఒక్కడివే వెళ్తే నువ్వు తీసిన ఈ బాదం ఆకు ఫొటో మూల తెల్ల తువ్వాలు అంచు ఎలా పడిందంట?

నువ్వు పోయి ఏడాదైంది. చర్చి దగ్గర బాదం ఆకులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఇవాళ పొద్దున్నే నీ కెమెరా పట్టుకెళ్ళాను. బాగా దగ్గరికెళ్తే ఆకు సగం మెరిసిపోతోంది, సగం నల్లగా ఉంటోంది. నల్లగా ఉన్న వైపు తెల్లగుడ్డ అడ్డం పెడితే వెలుగొస్తది. కానీ కెమెరాకే రెండు చేతులూ కావాలి కదా. టెన్త్ తప్పినా ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు. నీతో ఎవరో ఉన్నారు.

అక్కణ్ణించే స్టూడియో శీనుకి ఫోన్ చేసి అడిగితే "నేను కాదురా బాబూ, ఒట్టు" అన్నాడు. ఎవరైనా అమ్మాయేమో అని కూడా అనుకున్నాను.

ఇంతలో నాన్న చెట్టు దగ్గరికి వచ్చాడు. పాలకని వచ్చాడంట, చేతిలో గిన్నె లేదు. నేనేం అడక్కుండానే భుజం మీద తువ్వాలు తీసి, ఆకు పక్కన గొంతుక్కూర్చుని, కొంచెం వంచి పట్టాడు. ఆకు ఈనెలన్నీ కనిపించాయి.

"నీకెవరు నేర్పారు నాన్నా?"

"తొందరగా తియ్యరా, మోకాళ్ళు లాగేస్తున్నాయి. వాడైతే ఈపాటికి తీసేసేవాడు."

ఫొటో తియ్యగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇప్పుడు బండి తీశాడు. పెదపాడు దారిలో ఇంతకన్నా మంచి చెట్టుందంట. ఎలా తెలుసని అడిగితే హారన్ కొట్టేస్తున్నాడు, వెళ్ళాలి.