మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర

జూన్ 1, ఆదివారం

లాన్ కోత పూర్తయింది. ముందు వైపు పద్దెనిమిది చారలు, వెనక పదకొండు. ఒక్కటీ వంకర పోలేదు. గేటు దగ్గర నిలబడి చూస్తే కొత్త చాప పరిచినట్టుంది. ఈ వీధిలో ఇంత తిన్నగా గడ్డి కోసేవాళ్లు ఇంకొకరు లేరు. ఇది నా అభిప్రాయం కాదు. పక్కింటి షిప్ ఇంజనీర్ గారు గోడ మీంచి చూసి ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్లు ఓడల అడుగున, ఇంజన్ గదుల్లో పనిచేసి రిటైరైన మనిషి. మెచ్చుకునే అలవాటు లేదు. ఏమ్మా, స్కేలు పెట్టి గీశావా ఏంటి, అన్నారు. స్కేలు నా కాళ్లలోనే ఉందన్నాను.

కూర్చుని సంగీతం వినడం నాకు చేతకాదు. ఇరవై ఏడేళ్లుగా పేపర్లో కోర్టు వార్తలు రాస్తున్నాను. కూర్చుంటే చేతులు కీబోర్డు వెతుక్కుంటాయి. అందుకే ఏది విన్నా గడ్డి కోసే మోవర్ వెనక నడుస్తూనే వింటాను. పెద్ద డిప్పల హెడ్‌ఫోన్స్ షెడ్డులో మేకుకి వేలాడుతుంటాయి. ఇంట్లోకి రావు. ఆ గంటన్నర నాకు ఫోన్ లేదు, ఆఫీసు లేదు, మొగుడు లేడు. మా ఆయనకి గడ్డి పడదు, వాసన తగిలితే తుమ్ములే. పళ్ల డాక్టరు. వారమంతా నా డ్రిల్లు, ఆదివారం నీ డ్రిల్లు, ఈ ఇంటికి నిశ్శబ్దం రాసిపెట్టి లేదు, అంటారు.

ఇవాళ విన్నది మామూలు పాట కాదు. అమ్మాయి పంపిన రికార్డింగు.

పేరు వేరే ఉన్నా ఇంట్లో దాన్ని పిట్ట అనే అంటాం. రెండు గంటల బస్సు దూరంలో ఉంటుంది. ఒక మ్యూజిక్ స్కూల్లో పిల్లలకి సెల్లో, అదే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, నేర్పుతుంది. అక్కడి పెద్ద ఆర్కెస్ట్రాలో ఒకే ఒక్క సెల్లో సీటు ఖాళీ అయింది. రికార్డింగు పదమూడో తేదీ సాయంత్రం ఐదులోపు చేరాలి. విని ఆరుగురిని పిలుస్తారు. ఇరవై ఆరు నిండితే అర్హత లేదు. పిట్టకి ఆగస్టులో నిండుతాయి. ఇంతకు ముందు రెండుసార్లు పంపింది, రెండుసార్లూ పిలుపు రాలేదు. ఇదే ఆఖరు.

ఎప్పుడూ వాళ్ల నాన్నకే పంపేది. ఈసారి నాకు పంపింది. నాన్న దేన్నైనా బాగుందనే అంటాడమ్మా, నువ్వైతే తప్పు ఉంటే తప్పని చెప్తావు, అని మెసేజ్. ఆ మెసేజ్ మూడుసార్లు చదువుకున్నాను. పెద్ద బెంచి తీర్పు కాపీ కూడా రెండుసార్లకి మించి చదవను.

ఏడు నిమిషాల ముక్క. ముందు లాన్లో ఒకసారి, వెనక లాన్లో ఒకసారి విన్నాను. సంగీతం గురించి రాయడం నాకు రాదు. ఒక్క ఫ్యాక్ట్ రాస్తాను: రెండోసారి వింటూ గులాబీ మొక్క మీదికి మోవర్ తోలబోయాను.

అదే రోజు, సాయంత్రం

3:40 దగ్గర ఏదో ఉంది.

అక్కడ లావు తీగల్లో రెండోదాని మీద ఒకే స్వరం పట్టి చాలాసేపు నిలబెడుతుంది. ఆ స్వరం వణుకుతోంది. వావ్, వావ్, వావ్ అని. సెకనుకి రెండుసార్లు. వెనక లాన్లో వాచీ చూసి మరీ లెక్కపెట్టాను. రెండుసార్లూ అక్కడే.

ఇప్పుడే చెప్పను. కన్ఫర్మ్ చేసుకోవాలి.

జూన్ 4, బుధవారం

కోర్టు త్వరగా ముగిసింది. ఇంటికొచ్చి, గడ్డి వేలెడు కూడా పెరగకపోయినా వెనక లాన్ మళ్లీ కోశాను. 3:40. ఉంది.

పిట్టకి ఫోన్ చేసి చెప్పాను. టైముతో సహా, సెకనుకి ఎన్నిసార్లో కూడా. నాకేం వినపడలేదే అమ్మా, అంది. మళ్లీ విను, అన్నాను. విన్నాను, మా స్కూల్లో ముగ్గురు విన్నారు, ఎవరూ ఏమీ అనలేదు, అంది. ముగ్గురూ నీ ఫ్రెండ్సేగా, అన్నాను. దానికి నవ్వలేదు. చివరికి, నీకు వినపడిందంటే ఉండే ఉంటుందిలే, అంది.

ఇరవై ఏడేళ్లలో నా వార్తకి ఒక్క సవరణ పడలేదు. మా పేపర్లో సవరణలు ఆరో పేజీలో, కింద ఎడమ మూల, అగ్గిపెట్టెంత డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలో నా రాత ఎప్పుడూ లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, నేనే చెప్పీ చెప్పీ బట్టీ పట్టించాను.

జూన్ 5, గురువారం

సెల్లోలో తప్పు పట్టుకున్నానని డెస్క్ ఇన్‌ఛార్జికి చెప్పాను. ఇక మ్యూజిక్ రివ్యూలు కూడా మీరే రాసేయండి మేడమ్, మాకు జీతం మిగులుతుంది, అన్నాడు. వెటకారమే. అయినా లోపల బాగానే ఉంది.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే పిట్ట ఫోన్. గొంతు అరిగిపోయినట్టుంది.

మూడు రోజులుగా జరిగింది ఇదీ. గురువారం సెల్లోని రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గంటసేపు తట్టి, మీటి, లోపలికి టార్చి వేసి చూశాడట. వాద్యానికి ఏ జబ్బూ లేదు తల్లీ, నీకే జ్వరం తగిలినట్టుంది, ఇంటికెళ్లి పడుకో, అన్నాడట. వినకుండా తీగ మార్పించుకుంది. శుక్రవారం వాయించే కమాను వెంట్రుకలు మార్పించింది. శనివారం స్కూలు ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని నాలుగుసార్లు రికార్డు చేసింది. ఇప్పుడు దానికి 3:40 దగ్గరే కాదు, అన్నిచోట్లా వణుకే వినిపిస్తోందట. ఫ్రిజ్‌లో వణుకు. లిఫ్టులో వణుకు. పిల్లలు సరిగమలు వాయిస్తుంటే కూడా వణుకే. అమ్మా, ఇన్నాళ్లూ నేను వినకుండానే వాయించానా, అంది.

ఒళ్లు దగ్గర పెట్టుకుని వినేవాళ్లకి అన్నీ వినపడతాయి, భయపడకు, అన్నాను. నాలుగింట్లో బాగా వచ్చింది పంపమన్నాను.

ముందు లాన్ కోస్తూ విన్నాను. 3:38 దగ్గర ఉంది. అదే వణుకు, అదే వేగం. ఇంకా పోలేదు, అని ఫోన్ చేసి చెప్పాను.

సరే, అని పెట్టేసింది.

మా ఆయన టిఫిన్ ప్లేటు ముందు కూర్చుని నన్నే చూస్తున్నారు. పళ్ల మధ్య ఏదో ఇరుక్కున్న పేషెంటుని చూసినట్టు. నాకైతే మొదటిదే బాగుంది, అన్నారు. మీకు అన్నీ బాగానే ఉంటాయి, అన్నాను.

జూన్ 11, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సాయంత్రం నాలుగున్నరకి ముందు లాన్లో మోవర్ స్టార్ట్ చేశాను. పిట్ట నిన్న ఇంకో రికార్డింగు పంపింది. ఆరోది. 3:41 దగ్గర మళ్లీ వణుకు. నా మొహం ఎలా ఉందో ఏమో, ఇంజనీర్ గారు గోడ దగ్గరికొచ్చి చెయ్యి ఊపారు. ఒక డిప్ప పక్కకి జరిపాను. ఏం వింటున్నావమ్మా, ఎవరో పోయినట్టు మొహం పెట్టావు, అని అరిచారు. ఇంజన్ మోత మీదుగా సంగతంతా అరిచి చెప్పాను.

ఆయన ఒకే ప్రశ్న వేశారు. మెషీన్ ఆపి విన్నావా?

లేదు.

ఆయన నెత్తి కొట్టుకోలేదు. నాకు అదే సిగ్గనిపించింది. ఓడలో రెండు ఇంజన్లు దాదాపు ఒకే స్పీడులో తిరిగినప్పుడు నేలంతా ఉయ్యాల ఊగినట్టు ఊగుతుందట. దేంట్లోనూ లోపం ఉండదట. ఆ ఊపు రెండింటి మధ్య పుడుతుంది తప్ప ఏ ఒక్కదాంట్లోనూ ఉండదు, రిపేరుకి దిగినవాడు ఇంజన్ మొత్తం విప్పి పిచ్చెక్కి కూర్చుంటాడు, నేనూ కూర్చున్నాను ఒకసారి, అన్నారు. నీ బ్లేడు మోత, పాప స్వరం శ్రుతిలో పక్కపక్కనే ఉన్నాయమ్మా, అంతే.

మోవర్ ఆపాను. విన్నాను. స్వరం రాతిలో దిగిన మేకులా కదలకుండా ఉంది.

స్టార్ట్ చేశాను. వణుకు. ఆపాను. లేదు. ఆరుసార్లు చేశాను. ఆ తర్వాత మొదటి రికార్డింగు పెట్టి ఇంకో ఆరుసార్లు. ఇంజనీర్ గారు గోడ మీద మోచేతులు పెట్టుకుని అన్నిసార్లూ చూశారు. పన్నెండోసారి, ఇక చాల్లేమ్మా, పెట్రోలు అయిపోతుంది, అన్నారు.

ఒకే చోట నిలబడి ఎన్నిసార్లు చూసినా అది ఒక్కసారి చూడటమే. ట్రైనీలకి మొదటి రోజు నేనే చెప్పే మాట ఇది.

అదే రోజు, 6.20

ఫోన్ చేసే ముందు కాగితం మీద రాసుకున్నాను. నోటికొచ్చినట్టు మాట్లాడితే సాకులు దొర్లుతాయి.

జూన్ 4, 8 తేదీల్లో నీ రికార్డింగుల్లో వణుకు ఉందని చెప్పాను. అది తప్పు. వణుకు లాన్ మోవర్ మోత వల్ల నా చెవిలో పుట్టింది. నీ రికార్డింగుల్లో ఏ లోపమూ లేదు. నేను సరిచూసుకోలేదు.

ఇంతే చదివాను. అయితే, కానీ, ఏమిటంటే లాంటివి ఒక్కటి కూడా వాడలేదు. ఇరవై ఏడేళ్లలో రాసిన మొదటి సవరణ. బాగా రాశాను. దాన్ని మాత్రం గర్వంగానే చెప్పుకుంటాను.

పిట్ట ఆసాంతం విన్నది. అంటే నా చెవి బాగానే ఉందా, అని అడిగింది. ఉంది, అన్నాను. మొదట నేను విన్నదే నిజమా? నిజం. ముగ్గురు ఫ్రెండ్స్ విన్నది కూడా? అది కూడా. రిపేరు తాత చెప్పింది? ఆయన చెప్పింది కూడా.

క్రాస్ ఎగ్జామినేషన్లో ఇంత పొందికగా ప్రశ్నలేసే లాయర్లు మా కోర్టులో ఇద్దరే ఉన్నారు.

ఆఖరి ప్రశ్న: మరి వీళ్లందర్నీ వదిలేసి, నా చెవుల్ని కూడా వదిలేసి, నిన్నెందుకు నమ్మానమ్మా?

ఫోన్ పెట్టేసింది.

జూన్ 12, గురువారం

పిట్ట ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. ఐదోసారి మా ఆయన ఫోన్ లాక్కుని తన జేబులో వేసుకున్నారు. రేపు ఐదు గంటల దాకా దాన్ని దాని మానాన వదిలెయ్, అన్నారు.

జూన్ 13, శుక్రవారం, సాయంత్రం 5.05

పంపాను, అని మెసేజ్. ఏది, అని అడిగాను.

5.40

మొదటిదే. ఇక నన్నేం అడక్కు.

జూన్ 15, ఆదివారం

గడ్డి కోయలేదు. ఇంజనీర్ గారు రెండుసార్లు గోడ దగ్గరికొచ్చి వెళ్లారు.

జూన్ 22, ఆదివారం

పొద్దున ఎనిమిదికి మోవర్ మోత వినిపించి లేచాను. నేను మంచం మీద ఉన్నాను, మా ఆయన తుమ్ముతున్నారు, మరి మోవర్ తోలుతున్నదెవరు?

పిట్ట. మొదటి బస్సుకొచ్చి, మమ్మల్ని లేపకుండా షెడ్డు తెరిచి, నా బూట్లు వేసుకుని, నా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గడ్డి కోస్తోంది. వాకిట్లో నిలబడి చూశాను. చారలు వానపాములు పాకినట్టున్నాయి. ఒకచోట గడ్డి నున్నగా గొరిగేసింది, ఒకచోట అసలు తగల్లేదు. నోరు తెరవలేదు నేను.

లాన్ మధ్యలో ఉన్నట్టుండి ఆగింది. వింది. మోవర్ ఆపింది. మళ్లీ స్టార్ట్ చేసింది. తర్వాత గడ్డి మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మా, ఇది నిజంగానే వణుకుతోందే, నీ మెషీన్ నాతో జుగల్‌బందీ చేస్తోంది, అంది.

నవ్వయ్యాక తిట్టింది. తిట్టాల్సినంతా తిట్టింది. వారం రోజులు నిద్రపోలేదంది. ఒకరోజు సెల్లో అమ్మేద్దామని ఫొటోలు కూడా తీసిందట. అది నాకు తెలియదు. ఇక నుంచి ఎవరేం చెప్పినా ముందు నేను వింటాను, ఆ తర్వాతే వాళ్లు, ఆ లిస్టులో నీది ఆఖరి నంబరు, అంది. ఒప్పుకున్నాను.

టిఫిన్ తింటూ, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. ఆరుగురిలో పేరుందట. జడ్జీల ముందు వాయించడానికి జూలై 3న పిలిచారట. మంగళవారమే తెలిసిందట. మా ఆయన కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచారో మర్చిపోయి, మళ్లీ కూర్చున్నారు. నేను రావద్దని షరతు. ఫోన్ చేయొద్దని షరతు. కన్ఫర్మ్ అనే మాట వాడొద్దని షరతు.

అది వెళ్లాక ఇంజనీర్ గారు లాన్ చూసి, ఎవరమ్మా ఈ ఘోరం చేసింది, అన్నారు. మా అమ్మాయి, అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఎదురింటివాళ్లు కిటికీ తెరిచారు.

జూలై 3, గురువారం, మధ్యాహ్నం 2.10

పిట్టే ఫోన్ చేసింది. వాయిస్తుంటే మధ్యలో పెద్ద జడ్జి ఆపాడట. ఆ తీగ దిగింది, బిగించు, అన్నాడట. పిట్ట ఒకసారి మీటి చూసుకుని, సరిగ్గానే ఉంది సార్, అందట. మళ్లీ విను, అన్నాడట. విన్నాను సార్, సరిగ్గానే ఉంది, అందట. ఆయన ఏదో రాసుకున్నాడట. పిట్ట మిగిలిందంతా వాయించి, దండం పెట్టి వచ్చేసిందట.

ఎవరైనా శ్రుతి చూసే మీటరు పెట్టి చూశారా అని అడగబోయాను. అడగలేదు.

ఫలితం సోమవారం వస్తుంది. తీగ సరిగ్గానే ఉంది.